జిలేబి బరువు

గాజువాక
14 జూన్ 2025

మహారాజశ్రీ పశువైద్య శిరోమణి, యాభై అయిదేళ్ళ వయసులో బడిసంచి తగిలించుకున్న గురునాథరావు బావగారి దివ్య సముఖానికి,

ప్రకటన! విశాఖపట్నం ఓడరేవు కార్మికులకు, ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగులకు, షేర్ ఆటో డ్రైవర్లకు, సముద్రంలోని సమస్త చేపలకు ఇందుమూలంగా తెలియజేయడమేమనగా: ఈ దినము ఉదయం గాజువాకలో జిలేబి అను ఆడకుక్క, దుర్గారావు అను టైర్ల షాపు యజమాని ఎడమకాలి చెప్పును భుజించినది. కుడికాలి చెప్పు క్షేమం. కావున సంతాపసభ సగమే జరుగును. పూలదండలు కూడా సగమే తేవలెను.

ఏటి బావా, నవ్వు రాలేదా? నీకు ఎప్పుడొచ్చింది గనక. నీ ట్రైనింగ్ రద్దయిందని నేను సరదాకి మెసేజ్ పెడితే, నువ్వు నిజంగానే చెన్నైలో రైలెక్కి గూడూరు దాకా వచ్చేస్తావని నాకేం తెలుసు? దానికి ఫోన్లో నన్ను బ్లాక్ చేసి, "చెప్పేదేదో ఉత్తరం రాయి, పెన్ను పట్టుకుంటే నీకు బద్ధకం, అబద్ధాలు తగ్గుతాయి" అని నీ చెల్లెలు ధనలక్ష్మి చేత కబురు పెట్టావు. సరే, రాస్తున్నాను. ఏడో క్లాసులో బడి మానేసినవాణ్ణి, తప్పులుంటే మా మేష్టర్ని తిట్టు.

ఇక నువ్వు అడిగినవి. నీ ఇల్లాలు సత్యశ్రీ అక్క పెంచిన కుక్క కదా, మా ఇంట్లో మహారాణిలాగే చూస్తున్నాం. నువ్వు చూపించినట్టే రోజూ మెడ వెనక తోలు పైకి పట్టుకుని సూది గుచ్చి సెలైన్ ఎక్కిస్తున్నాను. ధనలక్ష్మి తల పట్టుకుంటుంది. దాని తల కాదు, తన తల పట్టుకుని కళ్ళు మూసుకుంటుంది. జిలేబి నీళ్ళు మాత్రం చాలా తాగుతోంది. షాపులో పాత టైర్లు తూచే కాటా ఉంది కదా, దాని మీద తూచాను. పదిహేడు కేజీలు.

ఇంకో వింత. ఆ కాటా మీదికి జిలేబి తనంతట తనే ఎక్కి కూర్చుంటోంది. కూర్చుని నా మొహం చూస్తుంది. ఏం కావాలో నాకు తెలీదు. నీకేమైనా తెలుసా?

బాగా చదువుకో. బెంచీ ఎక్కించారంటే మన వంశం పరువు పోతుంది.

ఒంటి చెప్పుతో తిరుగుతున్న,
దుర్గారావు


చెన్నై
21 జూన్ 2025

బావా,

నీ ఉత్తరం అందింది. సంతాపసభ సంగతి చదివి హాస్టల్లో పక్క మంచం కుర్రాడు పడిపడి నవ్వాడు. నేను నవ్వలేదు గానీ, ఆ భాగం రెండుసార్లు చదివాను. ఎందుకో తెలుసా? కిడ్నీలు పాడైన కుక్క తిండి దగ్గరికే రాదు, కడుపులో తిప్పుతుంటుంది. అలాంటిది చెప్పు కొరికిందంటే ఆకలి పుడుతోందన్నమాట. నీకది వేళాకోళం. నాకు రిపోర్టు.

ఇక్కడ అందరిలోకీ పెద్దవాణ్ణి నేనే. పాతికేళ్ళ పిల్లలు కుక్క కడుపు మీద స్కాన్ పెట్టి కిడ్నీలో రక్తం ఎటు పారుతోందో చెప్పేస్తున్నారు. నేను జీవితమంతా గేదెల్లో భుజం దాకా చెయ్యి పెట్టి దూడల్ని లాగినవాణ్ణి. కుక్కలకీ పిల్లులకీ వచ్చే లోపలి జబ్బుల గురించి మాకు అప్పట్లో చెప్పింది ఒక్క పూట పాఠం. ఇప్పుడు గోపాలపట్నంలో నా క్లినిక్ కి గేదెలు రావు బావా. కుక్కలూ పిల్లులే వస్తాయి. వాటి నాలుక చూసి, కళ్ళు చూసి, బలానికి సూది వేసి పంపేవాణ్ణి. సత్యశ్రీ పోయాక జిలేబి చిక్కిపోతుంటే బెంగ అనుకున్నాను. ఇక్కడికొచ్చాక నేర్చుకుంటున్నదల్లా, ఏది ఎప్పుడు కనిపెట్టాల్సిందో. కనిపెట్టే వేళ దాటిపోయాక.

ఒక ముఖ్యమైన సంగతి. ట్రైనింగ్ ఆఖర్న ప్రతివాడూ తన సొంత కేసు ఒకటి, మొదటి నుంచి చివరిదాకా వెంట ఉండి చూసినది, అందరి ముందూ చెప్పాలి. నేను జిలేబిని రాసిచ్చాను. అంటే ఇకనుంచి నీ ఉత్తరాలే నా కేసు. కాబట్టి కళ్ళతో చూసింది మాత్రమే రాయి. కాటా ఎక్కి కూర్చోవడాలూ, మొహం చూడడాలూ వద్దు. తూచి సూది గుచ్చే చోటికి ఏ కుక్కా తనంతట తను రాదు.

కరీం బాషా నీ షాపుకి వస్తాడు. పాత పోస్టాఫీసు దగ్గర పరుపులు కుడతాడు, మంచివాడు. వాళ్ళ పిల్లి సుల్తాన్ కీ ఇదే జబ్బు, ఇదే దశ. సూది ఎలా వెయ్యాలో నేర్పి వచ్చాను. నేను నీ దగ్గర పెట్టిన సెలైన్ సీసాల్లో సగం అతనికివ్వు.

చాలాసార్లు అనిపిస్తోంది, ఈ వయసులో ఇదంతా ఎందుకు, వచ్చేద్దామా అని. జిలేబి కోసమే ఆగుతున్నాను.

గురునాథరావు


గాజువాక
2 జులై 2025

చెన్నపట్నం వాస్తవ్యులు, గేదెల పాలిటి ప్రాణదాత, కుక్కల విద్యార్థి అయిన బావగారికి,

తాజా సమాచారం! జిలేబి బరువు పదిహేడున్నర. అవును, అర కేజీ పెరిగింది. నేను కూడా పెరిగాను గానీ నా గురించి నువ్వు ఏ క్లాసులోనూ చెప్పవు.

నువ్వు చెప్పినట్టు మెత్తగా ఉడికించిన అన్నం, గుడ్డులో తెల్లసొన పెడుతున్నాం. నిన్న రెండోసారి అడిగింది. ఎలా అడిగిందంటావా? పళ్ళెం మూతితో తోసింది. వాంతులు తగ్గాయి. సాయంత్రం హైవే దాకా నడిచింది, గాజువాక డిపో బస్సుని చూసి మొరిగింది. కండక్టర్ భయపడి దానికి టికెట్ కొట్టాడు. ఆ చివరి ముక్క ఒక్కటే అబద్ధం బావా, మిగతాదంతా రిపోర్టే.

కాటా సంగతి ఇక రాయను. నీకు నమ్మకం లేని చోట నేనెందుకు రాయాలి.

నీ చెల్లెలు ఫోన్లో సరిగ్గా మాట్లాడడం లేదని ఏమీ అనుకోకు. గొంతు పట్టేసింది. సాయంత్రమైతే ఆ ఓడరేవు బొగ్గు దుమ్ము సంగతి నీకు తెలియనిదా. డాబా మీద ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి వకీలు కోటు అవుతోంది.

వచ్చేద్దామా అని రాశావు. వచ్చి ఏటి సేత్తావు? ఇక్కడ అంతా బాగుంది. నువ్వు చదువు పూర్తి చేసుకునే రా. క్లినిక్ బోర్డు మీద నీ పేరు పక్కన ఇంకో నాలుగు అక్షరాలు రాయించాలని నేను పెయింటర్ తో మాట్లాడేశాను.

నీ రిపోర్టరు,
దుర్గారావు


చెన్నై
11 జులై 2025

బావా,

అర కేజీ! హాస్టల్ నడవాలో అటూ ఇటూ ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలీదు. మాకు పాఠం చెప్పే మేడమ్ కి చెప్పాను. ఆవిడ సంతోషించలేదు. "ఆఖరి దశలో బరువు పెరగడమా? ఒంట్లో నీరు చేరిందేమో చూడమనండి" అంది. కాబట్టి బావా, కాళ్ళ మీద వేలితో నొక్కి చూడు. గుంట పడి అలాగే ఉంటే నీరు. వెంటనే పైకి లేస్తే మంచిదే. ఊపిరి ఎలా తీస్తోందో చూడు. ఒక ఫోటో కూడా కావాలి, క్లాసులో చూపించాలట. ధనలక్ష్మి ఫోన్ నుంచి పంపించు.

ధనలక్ష్మి గొంతు బాగానే ఉంది. మొన్న అరగంట మాట్లాడింది. కూరలు, వానలు, మీ వీధిలో పెళ్ళి, అన్నీ చెప్పింది. కుక్క ఊసెత్తగానే "అన్నా, స్టవ్ మీద పాలు పొంగుతన్నాయి" అని పెట్టేసింది. నిన్న కూడా పాలే పొంగాయి. మీ ఇంట్లో రోజుకెన్ని పాలు పొంగుతాయి బావా? నాకు అర్థమైంది. జబ్బు కుక్కని తన నెత్తిన పెట్టి, ఈ వయసులో చదువుకుంటానని వచ్చేశానని దానికి కోపం. ఉండొచ్చు. న్యాయమే. వచ్చాక నేనే మాట్లాడతాను.

కరీం బాషా ఉత్తరం రాశాడు. సుల్తాన్ బాధ చూడలేకపోతున్నారట, శాశ్వతంగా నిద్రపుచ్చే సూది వేసేద్దామా అని అడిగాడు. నెల క్రితమైతే సరే అనేవాణ్ణి. ఈసారి వద్దన్నాను. ఇదే దశలో ఉన్న మా కుక్క లేచి తిరుగుతోంది, బస్సుని చూసి మొరుగుతోంది, సూదులు మానకండి అని రాశాను. రోగి బాగుపడుతుందని ఒకరికి నమ్మకంగా చెప్పి ఎన్నాళ్ళయిందో. అవసరమైతే వెళ్ళి కళ్ళారా చూసి రమ్మని నీ అడ్రసు కూడా ఇచ్చాను.

గురునాథరావు


గాజువాక
24 జులై 2025

బావా,

కాళ్ళు నొక్కాను. గుంట పడలేదు. ఊపిరి బాగానే ఉంది. బరువు పదిహేడున్నరే ఉంది, పెరగలేదు, మీ మేడమ్ కి చెప్పు.

ఫోటో అందే ఉంటుంది. వెనక నుంచి తీశావేమిటని అడుగుతావని తెలుసు. జిలేబి పెద్దింటి ఆడపిల్ల బావా, పరాయి రాష్ట్రం డాక్టర్లకి మొహం చూపించదట.

కరీం బాషా వచ్చాడు. కూతురు ఇర్ఫానాని కూడా తీసుకొచ్చాడు. నేను లోపల లారీ టైరు విప్పుతున్నాను. గుమ్మంలోనే నిలబడి, "దుర్గారావ్ భాయ్, ఆ కుక్కని ఒక్కసారి చూపించండి. సూత్తే మా అమ్మాయికి దిల్ కుదురుకుంటది" అన్నాడు.

"జిలేబి వాకింగుకి ఎల్లింది. ఇంత టీ తాగండి, తీసుకొత్తాను" అన్నాను.

తీసుకొచ్చాను. ఇర్ఫానా కింద కూర్చుని దాని తల నిమిరింది. అది ఆ పిల్ల చెయ్యి నాకింది. కరీం బాషా కళ్ళు తుడుచుకున్నాడు. "ఇదే జబ్బా భాయ్? మా సుల్తాన్ కున్నదేనా?" అంటే, "అదే జబ్బు, అదే దశ" అన్నాను. సెలైన్ సీసాలు మిగిలినవన్నీ ఇచ్చేశాను.

నీ ట్రైనింగ్ అయిపోయేదెప్పుడు? తొందరగా అయిపోతే బాగుణ్ణు.

దుర్గారావు

(ఈసారి ప్రకటన రాయలేదు. ఎండ ఎక్కువగా ఉంది.)


చెన్నై
19 ఆగస్టు 2025

బావా,

అయిపోయింది. నిన్న చెప్పాను.

తెర మీద జిలేబి వెనకభాగం రాగానే క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. నీ ఉత్తరాల్లోవన్నీ వరసగా పెట్టాను. చెప్పు కొరకడం, పళ్ళెం తోయడం, బస్సుని చూసి మొరగడం, బరువు. పరాయి మనిషి చెయ్యి నాకిందని రాశావే, అది కూడా చెప్పాను. సత్యశ్రీ చెయ్యీ నా చెయ్యీ తప్ప అది ఎవరిదీ నాకేది కాదు. నాకు వింతగానే అనిపించింది. కానీ ఒంట్లో విషం తగ్గితే కుక్క గుణం నెమ్మదిస్తుందని నాకు నేనే సర్దుకున్నాను.

మేడమ్ లేచి, "పెద్దాయన చేతిలో స్కాన్ లేదు, ల్యాబ్ లేదు. ఇంట్లోవాళ్ళ ఓపికతో ఇంతదూరం తెచ్చారు. ఇలాంటి రోగిని వదులుకునే ముందు మనమంతా ఇంకోసారి ఆలోచించాలి" అంది. పక్కనున్న డాక్టర్లందరూ రాసుకున్నారు బావా. వాళ్ళ ఊళ్ళలో అలాంటి కుక్కలకి ఇక ఇలాగే చేస్తామన్నారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. సత్యశ్రీ ఉంటే ఏమనేదో అనుకున్నాను.

సెప్టెంబరు మొదటివారంలో బయల్దేరతాను. జిలేబి కోసం కిడ్నీ జబ్బు కుక్కలకి పెట్టే తిండి సంచి కొన్నాను. పెయింటర్ ని ఆపు, బోర్డు మీద ఏం రాయాలో వచ్చి నేను చెబుతాను.

కరీం బాషా నుంచి ఉత్తరం ఆగిపోయింది. ఒకసారి వెళ్ళి చూడు. సుల్తాన్ ఎలా ఉందో రాయి.

ఇన్నాళ్ళూ ఓపిగ్గా నిజం రాసినందుకు, నీకు ఎలా చెప్పాలో తెలీదు.

నీ
గురునాథరావు


గాజువాక
27 ఆగస్టు 2025

గురునాథరావు బావకి,

నిన్న వెళ్ళాను. పాత పోస్టాఫీసు వెనక సందులో వాళ్ళ ఇల్లు. గుమ్మంలో దూది కుప్ప, దాని మీద ఎవరూ కూర్చోని చిన్న పరుపు. కరీం బాషా నన్ను చూసి కుర్చీ వేశాడు.

"సుల్తాన్ పోయింది భాయ్. మొన్న శుక్రవారం."

"అయ్యో" అన్నాను.

"సూది తీసుకుంటే మంచం కిందికి పోయేది. చెయ్యి పెడితే కరిసేది. ఎప్పుడూ కరవని పిల్లి. నాను వదిలేద్దామన్నాను. ఇర్ఫానా ఒప్పుకోనేదు. ఆ కుక్క లేచింది కదా అబ్బాజాన్, ఇది కూడా లేస్తది అనేది. మీ కుక్కని సూసి ఆగినాం భాయ్. లేకపోతే డాక్టర్ సాబ్ ని ఎప్పుడో అడిగి, సుఖంగా పంపించేవాళ్ళం."

వెళ్ళొస్తానని లేచాను. ఇర్ఫానా లోపలి నుంచి వచ్చి, "అంకుల్, జిలేబి ఎలా ఉంది? ఒకసారి వచ్చి చూడొచ్చా?" అని అడిగింది. నేను తల ఊపాను బావా. అప్పుడు కూడా అవునన్నట్టే ఊపాను. సందు మలుపు తిరిగాక ఒక అరుగు మీద కూర్చుండిపోయాను.

జిలేబి లేదు. జూన్ నెలలోనే పోయింది. జిలేబినే నా కేసుగా రాసిచ్చానని నువ్వు రాసిన ఉత్తరం వచ్చింది చూడు, ఆ రోజు పొద్దున్నే. పోస్టుమేన్ వచ్చేసరికి నా చేతులకి ఇంకా మట్టి ఉంది. షాపు వెనక, గోడ పక్కన పెట్టాను. ఉత్తరం ధనలక్ష్మికి చదివి వినిపించాను. "అన్నకి సెప్పకు. సెప్తే రేపే రైలెక్కి వచ్చేత్తాడు. ఈసారి గూడూరులో దిగడు. వచ్చి ఆ ఖాళీ ఇంట్లో తలుపేసుకుని కూకుంటాడు" అంది. "నువ్వు ఫోన్లో సెప్పేయ్, బాగుందని" అంటే, "నాను అబద్దం ఆడనేను. నువ్వే రాసుకో, నీకలవాటే కదా" అంది. తనకి నీ మీద కోపం లేదు. మా ఇంట్లో పాలు ఒక్కసారి కూడా పొంగలేదు.

మొదట ఒక్క ఉత్తరమే అనుకున్నాను. రాస్తుంటే అది అన్నం తిన్నట్టు, నడిచినట్టు నాకే కనిపించేది. సంబరంగా ఉండేది. అందుకే బస్సు కూడా కలిపాను. నువ్వు మోసపోతున్నావని నాకు లోపల నవ్వు కూడా వచ్చింది, అది కూడా దాచను. నువ్వు కరీం బాషాకి రాసిన సంగతి నాకు తెలిశాక నవ్వు పోయింది. చెప్పేద్దామనుకున్నాను. ఇంతలో అతనే పిల్లని తీసుకుని గుమ్మంలోకి వచ్చేశాడు.

ఇప్పుడు ఏది ఏదో చెప్పేస్తాను. నువ్వు మీ మేడమ్ కి చెబుతావో, ఆ రాసుకున్న డాక్టర్లకి చెబుతావో, నీ ఇష్టం. చెప్పాల్సిందే అనుకుంటాను.

పదిహేడున్నర కేజీలు నేను కల్పించింది. పళ్ళెం మూతితో తోయడం కల్పించింది. వాంతులు తగ్గలేదు, ఆఖరికి నీళ్ళు కూడా లోపల నిలవలేదు. హైవే దాకా నడవలేదు. గుమ్మం దాకా నడిస్తే గొప్ప. కాళ్ళు నొక్కింది నా కాళ్ళే. ఫోటోలోదీ, ఇర్ఫానా చెయ్యి నాకిందీ, పాన్ షాపు దగ్గర తిరిగే, జిలేబి రంగులోనే ఉండే ఎర్రకుక్క. దాని మెడకి జిలేబి పటకా కట్టాను. పని అయ్యాక విప్పబోతే ఇవ్వలేదు, ఇప్పటికీ వేసుకునే తిరుగుతోంది. నువ్వు వచ్చేటప్పుడు దారిలో కనిపిస్తే పొరపాటు పడకు. పెయింటర్ తో నేను మాట్లాడలేదు.

చెప్పు కూడా కల్పించిందే బావా. అప్పటికే అది ఏదీ తినడం లేదు. ఆ చెప్పు బస్టాండు దగ్గర తెగిపోతే పారేసి వచ్చాను. వచ్చేసరికి జిలేబి పళ్ళెంలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. నీకు అలా రాయబుద్ధి కాలేదు.

సెలైన్ రోజూ ఎక్కించిన మాట నిజం. నీళ్ళు తాగిన మాట, మొదట్లో పదిహేడు కేజీలున్న మాట నిజం.

నువ్వు నమ్మని కాటా సంగతి కూడా నిజం. రోజూ తనే ఎక్కి కూర్చునేది. ఎందుకో నాకు తెలీక ధనలక్ష్మిని అడిగాను. నీ క్లినిక్ లో తూకం చూశాక అక్క బిస్కెట్ పెట్టేదట కదా. ఆఖరి రోజు ఎక్కలేక దాని పక్కనే నిలబడింది. నేనే ఎత్తి కూర్చోబెట్టాను. బిస్కెట్ తెచ్చి పెట్టాను. వాసన చూసి, నా చేతిలోనే వదిలేసి, తల కింద పెట్టుకుంది. కాటా పదహారు చూపించింది. అది నేను కల్పించలేదు.

దుర్గారావు